గాలిబండి ప్రయోగం: పెద్ద తెరచాప కట్టిన బండి ముందే ఎందుకు ఆగిపోతోంది?

నల్లబల్ల:
అందరికీ నమస్కారం. నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతాను. బలం, ఘర్షణ పాఠాలు అయ్యాక పిల్లల చేత గాలితో నడిచే బండ్లు చేయిస్తున్నాను. నిబంధనలు కొన్నే. మోటారు, బ్యాటరీ ఉండకూడదు, చేత్తో తోయకూడదు. అట్టలు, స్ట్రాలు, వెదురు పుల్లలు, పాత సీడీలు, సీసా మూతలు, కాగితం, ఇలా ఏది దొరికితే అది వాడుకోవచ్చు. వరండా ఒక చివర ఫ్యాను పెడతాం. గీత దగ్గర బండిని ఉంచి వదిలేస్తాం. ఎక్కువ దూరం వెళ్లిన బండి గెలిచినట్టు.

పిల్లల ఉత్సాహానికి కొదవ లేదు. నన్ను తొలుస్తున్నది వేరే సంగతి. అందరి ధ్యాసా తెరచాప మీదే ఉంది. ఒక జట్టు బండి పొడవుకు రెండింతలు ఎత్తున్న తెరచాప కట్టింది. అది అందరికంటే జోరుగా బయలుదేరి, కాసేపటికే చతికిలబడింది. అరచేయంత తెరచాప ఉన్న మరో బండి నింపాదిగా కదిలి దాన్ని దాటిపోయింది. దాంతో పిల్లలు "చిన్న తెరచాపే మంచిది" అని నోటు పుస్తకాల్లో రాసేసుకున్నారు.

అంత మాట అనడానికి ఆ ఒక్క పరుగు చాలదు. కానీ వాళ్లు కళ్లారా చూసినదాన్ని నేను కాదనలేను, కాదనకూడదు కూడా. జవాబు నేను చెప్పేస్తే వాళ్లకు దక్కేదేమీ ఉండదు. పరీక్షను ఎలా మారిస్తే కారణం వాళ్లకే చిక్కుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఇరుసు:
టీచర్ గారూ, ముందు అన్ని బండ్ల తెరచాపలూ తీయించండి. తెరచాప లేని బండి ఎంత తేలిగ్గా దొర్లుతుందో తెలియనిదే తెరచాప గురించి ఎంత మాట్లాడుకున్నా దండగే. నేను చూసిన బండ్లలో ఎక్కువ భాగం ఇరుసు దగ్గరే ఓడిపోతాయి.

బండిని చేత్తో పైకెత్తి చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పమనండి. ఇరుసు బాగా అమరితే చక్రం చాలాసేపు తిరుగుతుంది. ఆగే ముందు బరువైన వైపు కిందికి వచ్చేలా అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగిందంటే ఘర్షణ తక్కువన్నమాట. ఊగకుండా టక్కున ఆగితే ఎక్కడో పట్టేస్తోంది. ఎక్కడో వెతకడం కష్టమేమీ కాదు. స్ట్రాను అట్టకు అంటించేటప్పుడు టేపు బిగించి చుడితే స్ట్రా నొక్కుకుపోయి లోపల ఇరుసుగా తిరిగే పుల్లను పట్టేస్తుంది. జిగురు స్ట్రా మూతిలోకి పాకినా అంతే. చక్రం లోపలి ముఖం అట్టకు రాసుకుంటుంటే మధ్యలో ఒక పూసో, స్ట్రా నుంచి కోసిన చిన్న ముక్కో పెడితే సరిపోతుంది.

ఇంకో మాట. రెండు ఇరుసులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అట్ట మీద ముందుగా మూలమట్టంతో గీతలు గీసి, ఆ గీతల మీదే స్ట్రాలు అంటించాలి. కంటి అంచనాతో అంటించిన బండి గోడ వైపు తిరుగుతుంది. గోడకు కొట్టుకున్న బండి ఎంత దూరం వెళ్లగలదో ఎవరికీ తెలియదు.

చక్రం సైజు సంగతి పిల్లల చేత లెక్క కట్టించండి. ఇరుసు దగ్గర పుట్టే ఘర్షణ పుల్ల అంచు మీద పనిచేస్తుంది. బండిని నడిపే బలం చక్రం అంచు దగ్గర దాన్ని ఎదుర్కోవాలి. సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు, పుల్ల 3 మిల్లీమీటర్లు అనుకుంటే నిష్పత్తి నలభైకి ఒకటి. 30 మిల్లీమీటర్ల సీసా మూత అయితే పదికి ఒకటే. అంటే అదే పుల్ల, అదే స్ట్రా, అదే బరువు అయినా, మూతల బండిని కదిలించడానికి సుమారు నాలుగు రెట్ల బలం కావాలి. సీడీతో చిక్కల్లా దాని రంధ్రం 15 మిల్లీమీటర్లు ఉండటమే. దాని మధ్యలో పుల్ల సరిగ్గా నిలవాలంటే రబ్బరును గుండ్రంగా కోసి బిరడాలా బిగించి, నడిమధ్యన రంధ్రం చేయాలి. మధ్య తప్పితే బండి కుంటుతుంది.

తొమ్మిదోతరగతి:
నేనూ సీడీలతోనే చేస్తున్నాను. మా నేల నున్నగా ఉంటుంది. సీడీ అంచు జారిపోతుందేమోనని చుట్టూ రబ్బరు బ్యాండు తొడుగుదామనుకుంటున్నాను. మా అన్నయ్య తొడగమంటున్నాడు, మా జట్టులో వాళ్లు వద్దంటున్నారు. ఏది సరైనది?

ఇరుసు:
మీ జట్టు మాటే సరైనది. కారులో ఇంజను చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నేలను వెనక్కి నెడుతుంది. అక్కడ పట్టు లేకపోతే బండి కదలదు. గాలిబండిలో తోపు తెరచాప మీద పడుతుంది, చక్రాలు ఊరికే దొర్లుతాయి. కాబట్టి వెనుక నుంచి గాలి వీచే పరీక్షలో పట్టు అవసరం లేదు. రబ్బరు దొర్లేటప్పుడు నలిగి కొంత శక్తిని తినేస్తుంది, అదే నష్టం. గాలి పక్క నుంచి వస్తే మాత్రం సంగతి వేరు. అప్పుడు రబ్బరు లేనిదే బండి అడ్డంగా జారిపోతుంది.

కొలబద్ద:
ఇరుసు గారు పునాది వేశారు కాబట్టి దాని మీద నేను కొంచెం లెక్క కడతాను. నల్లబల్ల గారి పిల్లలు చూసింది నిజమే. అది కొన్ని బండ్ల విషయంలోనే నిజం అవుతుంది. ఎందుకో చూద్దాం.

ముందుగా ఘర్షణ. ఒక మీటరు పొడవున్న నున్నటి పలక తీసుకుని ఒక చివర నెమ్మదిగా పైకెత్తుతూ పోవాలి. తెరచాప తీసేసిన బండిని చిన్నగా తట్టినప్పుడు అది వేగం పెరగకుండా, తగ్గకుండా ఒకే తీరుగా దొర్లే ఎత్తు దగ్గర ఆపి కొలవాలి. ఆ ఎత్తు 3 సెంటీమీటర్లు అయితే దొర్లుడు నిరోధం బండి బరువులో నూటికి మూడు వంతులు. ఒక సెంటీమీటరు అయితే నూటికి ఒక వంతు. 150 గ్రాముల బండికి మొదటిది సుమారు 0.044 న్యూటన్లు, రెండోది 0.015 న్యూటన్లు. బాగా చేసిన మూతల బండి మొదటి కోవలోకి, బాగా చేసిన సీడీల బండి రెండో కోవలోకి రావచ్చు.

ఇక గాలి తోపు. ఇది తెరచాప వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. గాలి వేగంలో నుంచి బండి వేగం తీసేస్తే మిగిలే సాపేక్ష వేగం ఉంది చూశారా, దాని వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, చదునైన పలకకు నిరోధ గుణకం (ఆకారాన్ని బట్టి గాలి బలం ఎంత పడుతుందో చెప్పే అంకె) సుమారు 1.2 అని తీసుకుందాం. 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తెరచాప మీద సెకనుకు 3 మీటర్ల గాలి సుమారు 0.39 న్యూటన్ల బలం చూపుతుంది. దాదాపు 40 గ్రాముల బరువుతో సమానం. ఇది నిలిచి ఉన్న బండి లెక్క. బండి సెకనుకు 2 మీటర్ల వేగం అందుకునేసరికి సాపేక్ష వేగం 1 మీటరుకు తగ్గి, తోపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అందుకే వెనుక గాలితో మాత్రమే నడిచే తెరచాప బండి ఎప్పటికీ గాలి వేగాన్ని అందుకోలేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఫ్యాను గాలి వరండా అంతా ఉండదు. కొంత దూరం పోయాక గాలి పలచబడుతుంది, బండి మాత్రం పాత ఊపుతో పోతూనే ఉంటుంది. ఆ క్షణం నుంచి నిశ్చలంగా ఉన్న గాలిలోకి తెరచాప ఎదురు దూసుకుపోతోంది. అప్పటిదాకా తోసిన తెరచాపే అక్కడి నుంచి బ్రేకు అవుతుంది. పెద్ద తెరచాపకు బ్రేకు కూడా పెద్దదే.

మొదటి 3.5 మీటర్ల వరకు సెకనుకు 3 మీటర్ల గాలి ఉందని, ఆ తరువాత అసలు లేదని ఊహించుకుని, 600 చదరపు సెంటీమీటర్ల తెరచాపనూ 150 చదరపు సెంటీమీటర్ల తెరచాపనూ పోల్చి చూశాను. మూతల బండి అయితే గాలి దాటాక పెద్ద తెరచాపతో ఇంకో 2.5 మీటర్లు పోతుంది, చిన్న తెరచాపతో మీటరు పైచిలుకే. సీడీల బండి అయితే తారుమారు. పెద్ద తెరచాపతో 4.4 మీటర్లు, చిన్నదానితో 5.3 మీటర్లు. చూడండి, ఏ తెరచాప గెలవాలో చక్రాలు తేలుస్తున్నాయి!

అసలు ఫ్యాను గాలి ఇలా ఒక గీత దగ్గర తెగిపోదు, క్రమంగా తగ్గుతుంది. అందుకని ఈ అంకెలను పిల్లలకు ముందే చెప్పకండి. వరండానే చెప్పనివ్వండి.

నల్లబల్ల:
కొలబద్ద గారూ, చిన్న తెరచాపతో గెలిచిన ఆ బండి సీడీలదే! దాని వెనక ఉండిపోయింది కూడా సీడీల బండే. మూతల బండ్లలో ఏం జరిగిందో మేం విడిగా చూడలేదు. అన్నింటినీ కలిపి ఒకే వరసలో రాశాం.

ఇంకో సందేహం. గాలి ఎక్కడి వరకు ఉందో పిల్లలకు కనిపించేలా చేయడం ఎలా? గాలి వేగం కొలిచే పరికరం మా దగ్గర లేదు.

కొలబద్ద:
పరికరం అక్కర్లేదు. నిలువుగా పట్టుకున్న కర్రకు వేలెడు వేలెడు ఎడంతో సన్నని దారపు ముక్కలు కట్టండి. ఫ్యాను ముందు అర మీటరుకు ఒకచోట ఆ కర్రను నిలబెట్టి దారాలను గమనించమనండి. దగ్గరలో దారాలు పక్కకు మెలితిరిగి ఎగురుతాయి. ఫ్యాను రెక్కలు గాలిని ముందుకు తోయడంతో పాటు సుడి కూడా తిప్పుతాయి కదా. చిత్రంగా, నడిమధ్యన మోటారు బొడిపె ఎదురుగా ఉన్న దారం నీరసంగా వేలాడుతుంది. దూరం పోయేకొద్దీ గాలి వెడల్పుగా విచ్చుకుని బలహీనపడుతుంది. ఎక్కడ దారాలు దాదాపు నిలువుగా వేలాడతాయో అక్కడ సుద్దముక్కతో నేల మీద గీత గీయండి. ఆ గీతకు ఇవతల తోపు, అవతల బ్రేకు.

సుడి తగ్గాలంటే స్ట్రాలను కట్టగా కట్టి, లేదా పొరల అట్టను గొట్టాలు కనిపించేలా కోసి పేర్చి ఫ్యాను ముందు కొంచెం ఎడంగా నిలబెట్టండి. గాలి వేగం కొంత తగ్గుతుంది కానీ తిన్నగా వస్తుంది. వేళ్లు రెక్కల దగ్గరికి పోకుండా ఫ్యానుకు జాలీ తప్పనిసరి. పుల్లల మొనలను కత్తిరించేయండి, ఎవరి కంట్లోనూ గుచ్చుకోకూడదు.

వెన్నెలవాకిలి:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మా అమ్మాయి ఇలాంటి బండే చేస్తోంది. ఫ్యాను పెట్టగానే ముక్కు మీద బోల్తా పడుతోంది. ముందు భాగంలో బరువు పెట్టి చూశాం, ఇంకా త్వరగా పడుతోంది. బరువు పెంచితే నిలబడాలి కదా? పాప నీరుగారిపోయింది.

ఇరుసు:
బరువు పెట్టాలి కానీ వెనుక. గాలి వెనుక నుంచి తెరచాప పైభాగాన్ని ముందుకు నెట్టినప్పుడు బండి ముందు చక్రాల మీదుగా తిరగబడుతుంది. దాన్ని ఆపేది ముందు ఇరుసుకు వెనుక ఉన్న బరువే. బరువును ముందుకు జరిపిన కొద్దీ ఆపే శక్తి తగ్గిపోతుంది, మీకు జరిగింది అదే.

పాపతో ఈ లెక్క చేయించండి. తెరచాప నడిమధ్య నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, తోపు 0.39 న్యూటన్లు అనుకుందాం. బండి బరువు 150 గ్రాములు, అంటే సుమారు 1.47 న్యూటన్లు. ముందు చక్రాలను వేళ్లతో ఆపి పట్టుకున్నా బండి వెనుక భాగం లేవకూడదంటే గురుత్వ కేంద్రం ముందు ఇరుసుకు కనీసం 5.3 సెంటీమీటర్లు వెనకగా ఉండాలి. తెరచాప వైశాల్యం తగ్గించకుండా ఎత్తు తగ్గించి వెడల్పు పెంచితే ఇంకా తేలిక. తెరచాప కొయ్యను ముందుకో వెనక్కో జరిపితే మారేది కొయ్య బరువు ఎక్కడ పడుతోందన్నదే. గాలి తోపుకు సంబంధించినంత వరకు లెక్కకు వచ్చేది ఎత్తు.

గురుత్వ కేంద్రం కనుక్కోవడానికి బండిని ఒక పెన్సిల్ మీద అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరపండి. ఎక్కడ తూగుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

వెన్నెలవాకిలి:
ముందు ఉంచిన బంకమట్టి ఉండను వెనక్కి మార్చింది, అంతే, నిలబడి పరుగెత్తింది! ఇప్పుడు తెరచాపను ఇంకా ఎత్తు చేస్తానంటోంది. ఈసారి ముందే లెక్క కట్టమన్నాను. పుస్తకం తీసుకుని కూర్చుంది.

తొమ్మిదోతరగతి:
నేనూ కొలబద్ద గారి మాట పరీక్షించాను. ఒకే అట్ట, రెండు జతల చక్రాలు, రెండు తెరచాపలు. చిన్న తెరచాప బండి తేలికైపోతుందని దానికి బంకమట్టి అంటించి బరువు సమానం చేశాను. మూతలతో పెద్ద తెరచాపే ఎక్కువ దూరం వెళ్లింది, అందులో అనుమానమే లేదు. సీడీలతో చిన్నది గెలిచింది కానీ తేడా తక్కువ. కొన్నిసార్లు రెండూ దాదాపు ఒకేచోట ఆగాయి.

వీడియో కూడా తీశాను. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. నేల మీద ప్రతి అర మీటరుకు టేపు ముక్క అంటించి, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టాను. పెద్ద తెరచాప బండి గాలి గీత దాటగానే ఫ్రేములు ఒక్కసారిగా పెరిగిపోయాయి. బ్రేకు నిజంగా కనబడింది.

నా ప్రశ్న ఏమిటంటే, తోసేటప్పుడు పెద్దదిగానూ ఆపేటప్పుడు చిన్నదిగానూ ఉండే తెరచాప చేయవచ్చా?

కొలబద్ద:
ఈ ప్రశ్న చదివి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. సైన్స్ తరగతిలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి పుడితే ఆ ప్రయోగం సఫలమైనట్టే.

చేయవచ్చు. గిన్నె ఆకారం ఆలోచించండి. లోపలి గుంట గాలికి ఎదురుగా ఉన్న అర్ధగోళానికి నిరోధ గుణకం సుమారు 1.4. అదే అర్ధగోళాన్ని తిప్పి ఉబ్బెత్తు వైపు గాలికి పెడితే సుమారు 0.4. మూడు రెట్లకు మించిన తేడా. వాతావరణ కేంద్రాల్లో గిర్రున తిరుగుతూ గాలి వేగం కొలిచే గిన్నెల పవనమాపకం నడిచేది ఈ తేడా మీదే. ఐర్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త థామస్ రోమ్నీ రాబిన్సన్ 1846లో నాలుగు గిన్నెలతో దాన్ని రూపొందించారు.

మీ బండికి గుంట వెనక్కి, అంటే ఫ్యాను వైపు ఉండేలా తెరచాపను వంచండి. గాలి ఉన్నంతసేపూ గుంటలో పడి తోస్తుంది. గాలి గీత దాటాక ఎదురు వచ్చే నిశ్చలమైన గాలికి ఉబ్బెత్తు ముఖం దొరుకుతుంది, అది పక్కలకు జారిపోతుంది. నా పాత లెక్కలో సీడీల బండికి పెద్ద తెరచాప బ్రేకును మాత్రమే మూడో వంతుకు తగ్గించి చూస్తే 4.4 మీటర్లు కాస్తా 8 మీటర్లు దాటింది. కాగితంతో సరైన అర్ధగోళం రాదు కాబట్టి అంత లాభం ఉండకపోవచ్చు, అయినా తేడా కంటికి తెలిసేంత ఉండాలి.

స్టాప్‌వాచ్ వదిలి వీడియో ఎంచుకోవడం కూడా మంచి పని. వేలు నొక్కడంలో మనిషికి సెకనులో అయిదో వంతు వరకు ఆలస్యం అవుతుంది. అర మీటరును బండి పావు సెకనులో దాటుతుంటే ఆ కొలతకు విలువే ఉండదు.

సందేహం:
నాదొక ప్రశ్న. వరండాలో ఫ్యాను ఎందుకు, చిన్న బ్యాటరీ ఫ్యానును బండి మీదే పెట్టి తెరచాప మీదికి ఊదిస్తే గాలి గీత గొడవే ఉండదు కదా? గాలి ఎప్పుడూ వెంటే వస్తుంది.

వాలుగాలి:
టీచర్ గారి నిబంధన ప్రకారం బ్యాటరీ కుదరదు, అయినా ప్రశ్న మంచిది. ఫ్యాను గాలిని ముందుకు నెట్టినప్పుడు గాలి ఫ్యానును వెనక్కి నెడుతుంది. న్యూటన్ మూడో నియమం. ఆ గాలి తెరచాపకు తగిలి పక్కలకు చెదిరిపోతే తెరచాపకు దక్కే ముందు తోపు, ఫ్యానుకు తగిలిన వెనుక తోపు రద్దైపోతాయి. కొంత గాలి తెరచాపను తప్పించుకుంటే బండి వెనక్కే పోతుంది. తెరచాపను లోతైన గిన్నెలా చేసి, తగిలిన గాలిని తిరిగి వెనక్కి మళ్లిస్తే బండి నెమ్మదిగా ముందుకు కదులుతుంది. అంత శ్రమ ఎందుకు, తెరచాప తీసేసి ఫ్యానునే వెనక్కి తిప్పితే అన్నింటికంటే బాగా పోతుంది! నాలుగు అమరికలూ చేసి చూపించండి. ఏది ఎటు పోతుందో ముందే చేతులెత్తించి అడగండి.

ఎలాగూ వచ్చాను కాబట్టి నాకు ప్రాణమైన సంగతి కూడా చెబుతాను. వెనుక గాలితో బండి గాలిని దాటలేదని కొలబద్ద గారు చెప్పారు, సరే. కానీ గాలిని పక్క నుంచి తీసుకుంటే దాటుతుంది. తెరచాపను ఏటవాలుగా పెడితే అది విమానం రెక్కలా పనిచేస్తుంది. చక్రాలు పక్కకు జారనివ్వవు, కాబట్టి బలంలో ముందుకు లాగే భాగమే కదలికను ఇస్తుంది. బండి వేగం పెరిగినా గాలి తోపు మాయమైపోదు, ఎందుకంటే బండి గాలి నుంచి పారిపోవడం లేదు, అడ్డంగా పోతోంది.

1600 ప్రాంతంలో గణిత శాస్త్రవేత్త సైమన్ స్టెవిన్ డచ్ యువరాజు మారిస్ కోసం తెరచాపల బండి చేసి సముద్రతీరపు ఇసుక మీద జనాన్ని ఎక్కించి నడిపించాడు. మన కాలంలో 2009 మార్చి 26న రిచర్డ్ జెంకిన్స్ 'గ్రీన్‌బర్డ్' అనే బండిని అమెరికాలో ఎండిపోయిన ఇవాన్పా సరస్సు మీద గంటకు 202.9 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. 2022 డిసెంబరులో న్యూజిలాండ్ జట్టు చేసిన 'హొరోనుకు' బండిలో గ్లెన్ ఆష్బీ దక్షిణ ఆస్ట్రేలియాలోని గెయిర్డ్‌నర్ సరస్సు మీద 222.4 కిలోమీటర్లు అందుకున్నాడు. అప్పుడు వీస్తున్న గాలి గంటకు సుమారు 40 కిలోమీటర్లే. ఇంజను లేదు, బ్యాటరీ తోపు లేదు, గాలికి అయిదు రెట్ల వేగం!

సందేహం:
పక్క గాలి సరే, నమ్ముతాను. గాలి వీచే దిశలోనే తిన్నగా పోతూ గాలిని దాటడం మాత్రం అసాధ్యం కదా?

వాలుగాలి:
అదీ సాధ్యమే. రిక్ కవాలారో బృందం తెరచాపకు బదులు ప్రొపెల్లరు ఉన్న 'బ్లాక్‌బర్డ్' అనే బండితో 2010లో చేసి చూపించింది. గాలి వేగానికి 2.8 రెట్లు, అదీ గాలి వీచే దిశలోనే. 2012లో అదే బండి గాలికి తిన్నగా ఎదురు వెళ్తూ గాలి వేగానికి 2.1 రెట్లు అందుకుంది.

సందేహం:
శక్తి నిత్యత్వ నియమం ఏమైపోయింది? గాలి వేగం అందుకోగానే బండికి గాలి తగలదు. తగలని గాలి ఎలా తోస్తుంది?

కొలబద్ద:
నియమం ఎక్కడికీ పోలేదు. నిపుణులే దీని మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు కాబట్టి నిదానంగా చూద్దాం. గాలి దిశలో పరుగెత్తేటప్పుడు ఆ బండిలో గాలి ప్రొపెల్లరును తిప్పి, అది చక్రాలను తిప్పడం లేదు. అందుకు సరిగ్గా తలకిందులు. చక్రాలే గొలుసు ద్వారా ప్రొపెల్లరును తిప్పుతాయి. బండి గాలితో సమాన వేగంలో ఉన్నప్పుడు బండికి గాలి నిశ్చలంగా అనిపిస్తుంది, నేల మాత్రం వేగంగా వెనక్కి పోతూ ఉంటుంది. ఆ నేల నుంచి చక్రాలు శక్తి తీసుకుంటాయి. సామర్థ్యం అంటే బలం, వేగాల లబ్ధం. నేల సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంటే, ఒక న్యూటను వెనుక లాగుడును భరించినందుకు 5 వాట్లు దక్కుతాయి. ఆ 5 వాట్లతో ప్రొపెల్లరు దాదాపు నిశ్చలంగా ఉన్న గాలిని తోస్తుంది కాబట్టి, కొంత వృథా పోయినా ఒక న్యూటను కంటే ఎక్కువ తోపు పుట్టించగలదు. మిగులు తోపు బండిని ఇంకా ముందుకు పంపుతుంది. అంతా గాలికీ నేలకూ మధ్య ఉన్న వేగం తేడా నుంచి వచ్చిన శక్తే. రెండూ ఒకే వేగంతో ఉంటే, అంటే గాలే లేకపోతే, బండి ఆగిపోతుంది.

ఎనిమిదో తరగతికి ఇది బరువైన పాఠమే. అయినా ఆసక్తి ఉన్నవారికి అడ్డు చెప్పకండి.

నల్లబల్ల:
ఇన్ని విషయాలు దొరుకుతాయని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. పరీక్షను ఇలా మారుస్తున్నాను.

మొదటి తరగతిలో తెరచాప అసలు ఉండదు. పలక, బండి, కొలబద్ద. ప్రతి జట్టూ తన బండి దొర్లుడు నిరోధాన్ని కొలిచి నల్లబల్ల మీద రాయాలి. పలక ఎత్తు ఒక సెంటీమీటరుకు (మూతల బండి అయితే మూడుకు) రాని జట్లకు ఇరుసులు సరిచేసుకోవడానికి ఇంకో తరగతి ఇస్తాను. తరువాత దారాల కర్రతో గాలి గీత గీయిస్తాను. పరుగు పెట్టే ముందు ప్రతి జట్టూ తన బండి ఎక్కడ ఆగుతుందో, ఎందుకో కాగితం మీద రాసి ఇవ్వాలి. మార్కులు దూరానికి కాదు, ఆ కాగితానికి, దానికీ అసలు ఫలితానికీ మధ్య తేడాను వాళ్లు ఎలా వివరించారన్నదానికి. ఒక మార్పు చేసినప్పుడు ఇంకేదీ మారకూడదు, బరువుతో సహా. ప్రతి అమరికనూ కనీసం అయిదుసార్లు పరుగెత్తించి మధ్యగతం, అంటే దూరాలను వరసగా పేర్చితే నడుమ వచ్చేది, తీసుకోమంటాను. ఒకసారి గోడకు తగిలితే సగటు పాడవుతుంది, మధ్యగతం అంత తేలిగ్గా చెడదు.

దూరం పోటీ పూర్తిగా తీసేయను. పిల్లలకు అది ఇష్టం. చివరి రోజు పెడతాను.

కొలబద్ద:
చాలా బాగుంది. ఒక్క చేర్పు. చక్రం, తెరచాప రెండూ మార్చిన నాలుగు అమరికలను ఒకే పట్టికలో పక్కపక్కన రాయించండి. ఒక్కో మార్పునే విడిగా చూస్తే, "చక్రాన్ని బట్టి తెరచాప ఫలితం మారుతుంది" అన్నది దొరకదు. ఆ నాలుగు గడులలోనే కథంతా ఉంది.

తొమ్మిదోతరగతి:
గిన్నె తెరచాప చేశాను. కాగితాన్ని నాలుగు మూలలా చీల్చి, ఒకదాని మీద ఒకటి అంటించి గుంట తెచ్చాను. అదే వైశాల్యం ఉన్న చదును తెరచాపను ఇది ప్రతిసారీ దాటింది. ఇప్పుడు ఇంకోటి ప్రయత్నిస్తున్నాను. అట్ట చట్రంలో సన్నని ప్లాస్టిక్ పట్టీలు కిటికీ రెక్కల్లా వేలాడతాయి. వెనుక గాలికి అవి చట్రానికి ఆనుకుని మూసుకోవాలి, ఎదురు గాలికి తెరుచుకోవాలి. మూసుకోవడం బాగానే ఉంది. గాలి గీత దాటాక మాత్రం సగమే తెరుచుకుంటున్నాయి. ఏం చేయాలి?

ఇరుసు:
పట్టీలను దేనితో వేలాడదీశారు? టేపు అయితే అదే బిగుసుగా ఉండి వాటిని మూసే వైపు లాగుతుంది. టేపు తీసేసి, పట్టీ పై అంచును మడిచి ఒక దారం మీద వదులుగా వేలాడేలా అంటించండి. దారాన్ని చట్రానికి బిగుతుగా కట్టాలి. పట్టీ కింది అంచు చట్రం మీద ఒక మిల్లీమీటరో రెండో ఆనితే చాలు, ఎక్కువ ఆనితే అంటుకుపోతుంది. ఇంకా తెరుచుకోకపోతే పట్టీలకు ఇంకా పలుచని ప్లాస్టిక్ వాడండి. పలుచని పట్టీ తేలికగా ఉంటుంది, తక్కువ గాలికే లేస్తుంది. చట్రం బరువు ఎంత వచ్చిందో కూడా చెప్పండి. అది పైన ఉంటుంది కాబట్టి ముందు ఇరుసు నుంచి గురుత్వ కేంద్రం ఎంత దూరంలో ఉందో పెన్సిల్ మీద మళ్లీ తూచి చూడండి.